గుమ్మం దాటిన సాక్ష్యం

కూర్చోండి డీకన్ గారూ, మీరలా నిలబడి అడిగితే నాకు నోరు పెగలదు. అయినా అడగాల్సింది నన్నా? మా డెల్ఫీన్‌ని అడగండి. తోడబుట్టిందే గొంతు కోస్తే ఇంకెవరితో చెప్పుకోనండీ?

ఎంత మురిసిపోయానో మీరు చూశారుగా! ఇన్నేళ్లూ ఈ అమెరికా టీవీలో మన నల్లవాళ్లంటే దొంగలో, పనిమనుషులో. అలాంటిది మా చెల్లెలు, ఈ మేకన్ ఊళ్లో మన చర్చిలోనే పాట నేర్చుకున్న పిల్ల, మన వీధి కథ తనే రాసి, తనే పాడి, వారం వారం వచ్చే సీరియల్‌గా టీవీకెక్కించింది. చర్చి హాల్లో తెర కట్టించింది నేనే. అందరికీ కోడి వేయించి తెచ్చిందీ నేనే.

మొదటి రెండు వారాలూ మనవాళ్లు తెరతో మాట్లాడారు, నవ్వారు, ఏడ్చారు. మూడో వారం కథలోకి ఒక ముసలావిడ వచ్చింది. పోలీసులు తరుముకొస్తుంటే కొడుకు తలుపు బాదుతాడు, ఆవిడ భయంతో గడియ తీయదు. వెనకాల డెల్ఫీన్ పాట.

మన ఐడెల్లా పెద్దమ్మ ఒళ్లో ఉన్న పళ్లెం కుర్చీలో పెట్టి, టోపీ సర్దుకుని వెళ్లిపోయింది. మూడు ఆదివారాలైంది, చర్చికి రాలేదు. నేను వెళ్తే కిటికీలోంచి చూసి లోపలికి పోయింది.

పెద్దమ్మ తన కొడుక్కి జరిగిన ఆ సంగతి జన్మలో ఒక్కసారే చెప్పుకుంది, ఎవరి బాధ వాళ్లు దేవుడి ముందు చెప్పుకునే బుధవారం సాక్ష్యాల కూడికలో. అక్కడ విన్నది గుమ్మం దాటకూడదు కదా. కట్టుకున్నవాడికైనా చెప్పం.

ఏంటండీ అలా చూస్తారు?

అవును. ఆ బుధవారం డెల్ఫీన్ ఇక్కడ లేదు, అట్లాంటాలో ఉంది.

సరే, నేనే చెప్పాను. ఫోన్లో, గంటసేపు. పెద్దమ్మ ఎక్కడ తడబడిందో, ఏ రంగు టోపీ పెట్టుకుందో, అన్నీ. "నీలా ఎవరు చెప్తారక్కా, నువ్వు లేకపోతే నాకీ కథే లేదు" అంది. ఆ మాటకి కరిగిపోయాను. అంత చెప్పినదాన్ని, అందులో నేనూ ఉంటాననుకున్నా.

అందరూ ఉన్నారండీ. పాస్టరుగారున్నారు, మీరున్నారు, మీ కుంటికుక్క కూడా ఉంది. మూడు వారాలూ కళ్లు కాయలు కాచేలా నాకోసం వెతుక్కున్నా. అమ్మ పోయాక తల దువ్వి, అన్నం పెట్టి పెంచాను దాన్ని. తెరమీద డెల్ఫీన్‌గా కనిపించే పిల్లకి అక్కే లేదు.

ఈ ఆల్థియానే బయటపెట్టిందని పాస్టరుగారికి చెప్పేయండి. చర్చి పాటల బృందంలో నేను వేసుకునే గౌను ఆ మేకుకుంది, పట్టుకెళ్లండి. ఆరోజు హాల్లో నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే, పెద్దమ్మ మీద ఎంత ప్రేమో అన్నారు అందరూ.

పెద్దమ్మ కోసం కాదండీ.