ర్యాంకు లేని కంచు

ఈ సాయంత్రం ఐదు గంటలకు ఛాయాదేవి టీచర్ ఉద్యోగ విరమణ చేస్తున్నారు. ఆ తరువాత మన బడిలో యువజన అవార్డు పథకాన్ని నడిపే మనిషి ఎవరూ లేరు.

వార్త ముందు, నమస్కారాలు తరువాత. సోమాజిగూడలో పత్రికాఫీసులో చాలాకాలంగా విలేకరి పని చేస్తున్నవాణ్ణి కాబట్టి ఈ అలవాటు పోలేదు, మన్నించాలి. సభాధ్యక్షులు, మన బడి కరస్పాండెంట్ కామరాజు గారికి, పక్కన శాలువా బరువుకు ఇబ్బంది పడుతున్న ఛాయాదేవి టీచర్‌కు, మొదటి వరుసలో కూర్చున్న అరుణాదేవి గారికి (ఈవిడ కామరాజు గారి శ్రీమతి అని తెలియనివాళ్లు, ఆయన ఇందాక మాట్లాడుతూ మాటిమాటికీ ఎటు చూశారో గుర్తు తెచ్చుకుంటే చాలు) (నవ్వులు), ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, కుర్చీ ఉన్నా గోడకే ఆనుకుని నిలబడ్డ జిరాక్స్ షాపు పెంటయ్య అన్నకు, పిల్లలకు నమస్కారం. నా పేరు ఫణీంద్ర. పదో తరగతి సుమశ్రీ తండ్రిని. మధ్యలో కిటికీలోంచి చప్పట్లు వినిపిస్తే నా ప్రసంగానికి అనుకోకండి, ఎదుటి మేడలో జావా డెమో క్లాసు నడుస్తోంది. (నవ్వులు)

పథకం సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. తొమ్మిదో తరగతి పిల్లలు కొన్ని నెలలపాటు ఒక సేవ చేయాలి, ఒక పని నేర్చుకోవాలి, ఒక ఆట ఆడాలి. చివర్లో అందరూ కలిసి కాలినడకన ఒక యాత్ర చేయాలి, దారి వాళ్లే వెతుక్కోవాలి, వంట వాళ్లే వండుకోవాలి. ఇవన్నీ చేసినవారికి కంచు పతకం. ఆ పైన వెండి, బంగారం. పక్కవాణ్ణి ఓడించనక్కర్లేదు, పోటీ లేదు, ర్యాంకు లేదు. రిటైర్మెంటు దగ్గరపడ్డవాళ్లు పీఎఫ్ కాగితాలు సర్దుకుంటారు, మన టీచర్ మాత్రం రెండేళ్ల కిందట టెంట్లు సర్దుకోవడం మొదలుపెట్టారు.

కింద అంతస్తులో ఒరాకిల్ కోచింగు, పై అంతస్తులో శాప్ కోచింగు, మధ్యలో మన బడి. ఇలాంటి చోట ర్యాంకు లేని వస్తువును తల్లిదండ్రులకు చూపించడమంటే ఎంత ధైర్యమో మొదటి మీటింగులో నేను కళ్లారా చూశాను.

ముందు లేచింది అరుణాదేవి గారు. "కంచా? పరీక్ష పెట్టకముందే మావాడికి మూడో స్థానం ఏంటండీ?"

"అందరికీ మొదట కంచేనండీ," అన్నారు టీచర్.

"అందరికీ ఇస్తే అది అవార్డు ఏంటండీ, ప్రసాదం అవుతుంది గానీ!" (నవ్వులు)

అరుణాదేవి గారూ, ఆ మాటను నేను వార్తలో రాశాను, మా ఎడిటర్ కొట్టేశారు. ఇప్పటికీ నాకు ఆ బాధ ఉంది.

కామరాజు గారికి వేరే చిక్కు వచ్చింది. "ర్యాంకు లేకపోతే పాంప్లెట్లో ఏం వేయమంటారండీ?" అన్నారు. నేర్చుకునే పని అంటే సహజంగా జావా అనుకున్నారు ఆయన. వాళ్లబ్బాయి వంశీకృష్ణ సైకిల్ పంక్చర్లు వేయడం నేర్చుకుంటానని రాసిచ్చాడు. మన ఇళ్లల్లో పిల్లల్ని చదవమని బెదిరించడానికి వాడే మొదటి మాట పంక్చర్ల షాపు. అది కరస్పాండెంటు గారి కొడుకే కోరి ఎంచుకుంటే ఆయన మొహం ఎలా ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. ఊహించనక్కర్లేదు, ఇప్పుడు కూడా అలాగే ఉంది. (నవ్వులు)

అప్పుడు పెంటయ్య అన్న లేచిండు. సేవ కోసం ఆదివారాలు పిల్లల్ని ఎర్రగడ్డ తీసుకెళ్తానని టీచర్ చెప్పారు, అంతే. ఎర్రగడ్డ అనగానే ఈ ఊళ్లో మనిషి మనసు నేరుగా పిచ్చాసుపత్రి వైపు పోతుందని మీకు తెలుసు.

"ఎర్రగడ్డకా? టీచర్, మా బిడ్డ నవీన ఇంట్ల జర ఎక్కువ లొల్లి జేస్తది, నేను కాదంటలేను. గంతమాత్రానికి ఎర్రగడ్డకు తోలుతరా?"

"రైతు బజారుకండీ! ముసలివాళ్ల సంచులు మోయడానికి."

"గట్ల ముందుగాల జెప్పాలె గద! నా పానం పోయింది."

ఏంటి పెంటయ్య అన్నా? ఏమంటున్నవ్? ... "ఇప్పుడు ఇంట్ల కూరగాయల బేరం సుత నవీననే జేస్తది, గది సుత జెప్పు" అంటున్నడు. చెప్పాను.

ఇక యాత్ర. బేగంపేటలో రైలెక్కి వికారాబాద్‌లో దిగి, అక్కడినుంచి అనంతగిరి కొండల్లోకి నడక. వార్త రాయడానికని నేనూ వెళ్లాను. పిల్లలు ముందు, టీచర్ బాగా వెనక. కొంత దూరం పోయేసరికి దుమ్ము రేపుకుంటూ ఒక సుమో వచ్చి ఆగింది. అందులో అరుణాదేవి గారు, ఒళ్లో ఇడ్లీల క్యారియర్. టీచర్ అడ్డం నిలబడ్డారు. "మీరు ఉండాలంటే ఉండండి. ఇడ్లీలు వెళ్లిపోవాలి," అన్నారు. ఇడ్లీలు సుమోలో వెనక్కి వెళ్లాయి. దారంతా బాగా భోంచేశానని డ్రైవరు తరువాత నాతో చెప్పాడు. (నవ్వులు) ఎదురింటికి పోవాలన్నా ఆటో పిలిచే అరుణాదేవి గారు హవాయి చెప్పులతో కొండ ఎక్కడం మొదలుపెట్టారు.

ఒకచోట బాట రెండుగా చీలింది. మ్యాపు వంశీ చేతిలో ఉంది. తప్పు వైపు మళ్లాడు. టీచర్ చూశారు, ఏమీ అనలేదు. అరుణాదేవి గారు ఆగలేకపోయారు.

"తప్పు దారని తెలిసీ చెప్పరేంటండీ మీరు?"

"నేను చెప్తే అది నా నడక అవుతుందమ్మా. వాళ్లది కాదు."

చాలాసేపు పట్టింది. ఎండలో ఆగారు, మ్యాపు తిప్పి చూశారు, పోట్లాడుకున్నారు. చివరికి వంశీ, "నేనే తప్పు చూశాన్రా, సారీ," అన్నాడు. వెనక్కి తిరిగారు. అప్పుడు ఆ తల్లి ముఖం నేను చూశాను. ఏ భావం కనిపించిందో రాయడం నా వృత్తిలో లేదు. అక్కణ్ణుంచి ఆవిడ టీచర్ పక్కన, పిల్లల వెనకే నడిచారన్నది మాత్రం వాస్తవం. సాయంత్రం పిల్లలు చేసిన ఉప్మా ఆవిడ రెండోసారి వడ్డించుకున్నారు. ఆ ఉప్మా నేనూ తిన్నాను కాబట్టి ఆవిడ త్యాగం ఎంతటిదో సాక్ష్యం చెప్పగలను. (నవ్వులు)

ఇంకొక సంగతి, ఇది నా సొంతం. మా సుమశ్రీ నెమ్మదిగా నడుస్తుంది. బడిలో ఏ పరుగు పందెంలోనైనా ఆఖరు. యాత్రకు ముందు టీచర్ ఒక నియమం పెట్టారు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలి, మిగతావాళ్లు ఆ నడకతోనే నడవాలి అని. ఆ రెండు రోజులూ మా అమ్మాయి అందరికన్నా ముందు నడిచింది.

నీళ్లు ఇస్తారా ఎవరైనా.

సరే, వార్తకు వస్తాను. ఈ ఏటి తొమ్మిదో తరగతి పిల్లలు అన్నీ పూర్తి చేశారు, యాత్ర ఒక్కటి మిగిలింది. ఎల్లుండి ఆదివారం వెళ్లాలి. టీచర్ రేపు రాత్రి రైల్లో కాకినాడ వెళ్తున్నారు. వాళ్ల అక్కగారికి ఆరోగ్యం బాగాలేదు, ఇక అక్కడే ఉంటారు. వీడ్కోలు కానుకగా ఏం కావాలని యాజమాన్యం అడిగితే, శనివారం ఆఖరి పీరియడ్ ఈ పథకానికే ఉంచండి, నడిపే ఒక మనిషిని చూడండి అన్నారు టీచర్. శాలువా ఇచ్చారు. ఆఖరి పీరియడ్‌ను ఐఐటీ ఫౌండేషన్‌కు ఇచ్చారు. అధ్యక్షుల వారిని సూటిగా అడుగుతున్నాను. సర్, ఆదివారం పిల్లలు వెళ్తున్నారా, లేదా?

(అధ్యక్షులు: "ఫణీంద్ర గారూ, ఇది సన్మాన సభండీ, ప్రెస్‌మీట్ కాదు.")

అవును సర్. ప్రెస్‌మీట్ అయితే ముందు టీ ఇచ్చేవారు. (నవ్వులు)

(అధ్యక్షులు: "నాకేమన్నా కోపమా చెప్పండి? మాస్టార్లంతా ఫౌండేషన్‌లో ఉన్నారు. పిల్లల వెనక కొండలెక్కే మనిషిని చూపించండి, పీరియడ్ ఇప్పుడే ఇస్తాను.")

(మొదటి వరుసలోంచి అరుణాదేవి గారు లేచి: "నేనున్నాను కదండీ." సభలో నవ్వులు, చప్పట్లు.)

(అధ్యక్షులు: "నువ్వు కూర్చో. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం.")

(అరుణాదేవి గారు: "ఇంటికెళ్లాక మీరు టీవీ చూస్తారు. ఇక్కడే చెప్పండి.")

(వెనకనుంచి పెంటయ్య: "సార్, ఒప్పుకోండ్రి సార్! మేడంతోని మనకెందుకు!")

(ఛాయాదేవి టీచర్, కూర్చున్నచోటినుంచే: "అరుణ గారూ, ఈసారి హవాయి చెప్పులు పనికిరావు. బూట్లు ఉండాలి.")

(అరుణాదేవి గారు: "పోయిన వారమే కొన్నానండీ, పంజాగుట్టలో.")

(అధ్యక్షులు: "పోయిన వారమా?" చాలాసేపు నవ్వులు. అధ్యక్షులు: "సరే, ఇచ్చాను. ఇక కానివ్వండి.")

ఇచ్చానన్నారు. సభలో ఇంతమంది విన్నారు, నేను రాసుకున్నాను.

ఛాయాదేవి టీచర్ గురించి గొప్ప విశేషణాలు చెప్పలేకపోయాను. మీరు మా పిల్లల వెనక నడిచారు, దారి తెలిసీ ఊరుకున్నారు. తెలిసినది చెప్పకుండా ఊరుకోవడం ఎంత కష్టమో మా విలేకరులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మీకు మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు. మాట నిలబెట్టుకోబోతున్న అధ్యక్షుల వారికి, ఓపిగ్గా విన్న మీ అందరికీ ధన్యవాదాలు.

రేపు శనివారం ఆఖరి పీరియడ్‌లో అరుణాదేవి గారికి ఛాయాదేవి టీచర్ టెంటు కట్టడం నేర్పిస్తారు. ఎల్లుండి ఆదివారం పొద్దున ఆరు గంటలకు తొమ్మిదో తరగతి పిల్లలంతా నీళ్ల సీసాలతో బేగంపేట స్టేషన్‌లో ఉండాలి. రైలు ఎవరి కోసమూ ఆగదు. సెలవు.