సెలవులో ఉన్న సర్కారు

ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో, అందులో అద్దెకి తీసుకున్న షూటింగ్ ఫ్లోరు. ప్రభుత్వం తన ఖర్చుతో తీయిస్తున్న ‘రాజ్యానికి మతం లేదు’ అనే లఘుచిత్రానికి ఆ ఉదయం తొలి షాట్. శాఖ పంపిన అధికారి రాఘవేంద్రకీ, ప్రొడక్షన్ మేనేజర్ వీరయ్యకీ మధ్య ఒక కొబ్బరికాయ ఉంది.

“అది అక్కణ్ణించి తీసేయండి వీరయ్యగారూ.”

“కాయనా సార్?”

“కాయే. ఆ పటం కూడా.”

“పటం తీస్తె కెమెరా ఏం జూడాలె సార్? ఫస్ట్ షాట్ దేవుని పటం మీదనే గదా తీస్తం. ఏ సినిమా అయినా గంతే.”

“ఇది ఏ సినిమా అయినా కాదు. ప్రభుత్వ సినిమా. పేరు చదివారా?”

“చదివిన సార్. రాజ్యానికి మతం లేదు. మంచిగున్నది. పటం మీద ఒక్క షాట్ తీసుకోని, ఎన్కల లేదని చెప్పుకుందాం.”

“వీరయ్యగారూ!”

“గరమ్ గాకుండ్రి సార్. కాయ పైసలు నేనిస్త. సర్కారుకు బిల్లు పెట్ట.”

“డబ్బు మాట కాదండీ. ప్రభుత్వ షూటింగులో పూజ జరిగితే ప్రభుత్వం చేసినట్టే.”

“గీ ఫ్లోరు కిరాయిది. కెమెరా కిరాయిది. లైట్లు కిరాయివి. నేను గూడ కిరాయికే వచ్చిన. ఇందుల సర్కారుది ఏమున్నది సార్, మీరొక్కరే గదా.”

“నేను చాలు.”

“ఏందీ?”

“ఇక్కడ ప్రభుత్వం అంటే నేనే. నా ముందు కాయ పగిలితే ఫిర్యాదు నా మీదే. పోయినేడు మా ఆఫీసులో ఒకాయన కొత్త జీపుకి నిమ్మకాయలు కట్టించాడు. ఇప్పటికీ సంజాయిషీలు రాస్తూనే ఉన్నాడు.”

“జీపు మంచిగ నడుస్తున్నదా?”

“నడుస్తోంది.”

“మరి!”

“మరీ లేదు, గిరీ లేదు. లైట్లు వేయించండి. మంత్రిగారు క్లాప్ కొట్టడానికి వస్తున్నారు. ఆయన వచ్చేసరికి అంతా సిద్ధంగా లేకపోతే నన్ను ఎక్కడో సరిహద్దు ఊరికి బదిలీ చేస్తానన్నారు. మా అమ్మకి వారం వారం డయాలసిస్. ఆ ఊళ్లో ఆ మిషనే లేదు.”

“లైట్లు నా చేతుల లేవు సార్. భిక్షం పైకెక్కనంటుండు.”

“భిక్షం ఎవరు?”

“లైట్‌మన్. అగో, నిచ్చెన కాడ కూసోని బీడీ తాగుతుండు. పోయినసారి కాయ గొట్టకుండనే ఎక్కిండు, కాలిరిగింది.”

“కాయ కొడితే విరగదా?”

“కొట్టినంక ఇరిగితే దేవుని లెక్కల పోతది సార్. కొట్టకుంటె నా లెక్కల పడతది.”

“అసలు మీకు నమ్మకం ఉందా?”

“దేవుని మీదనా? అంతగనం లేదు. భిక్షం మీద ఉన్నది.”

“ఒక దేవుడి పటం కుదరదండీ.”

“పోనీ అందరి దేవుండ్లను పెడదాం. గోడౌన్ల శిలువ ఉన్నది, పెండ్లి సీన్‌ది. దర్గా సెట్టు ముక్క గూడ ఉన్నది, జర రంగు పోయింది.”

“ఒక మతాన్ని పోషించొద్దంటే అన్నిటినీ పోషించమని కాదండీ అర్థం.”

“బయట గట్లనే నడుస్తున్నది గద సార్. ఏ పండుగొస్తె ఆ టోపీ, ఆ బొట్టు.”

“బయట సంగతి నాకు తెలీదు. నాకు ఈ ఫ్లోరు అప్పజెప్పారు.”

“మీకు దేవుడంటె పడదా సార్?”

“రోజూ సంధ్య వారుస్తాను. మా నాన్న అర్చకుడు.”

“మీ నాయిననా! మరి గింత మొండితనం ఎందుకు సార్?”

“అందుకే. మా ఊరి గుళ్లో దీపానికి నూనె ఇంటింటివాళ్లూ తలా కాస్త తెచ్చి పోసేవారు. నా చిన్నప్పుడు ప్రభుత్వం నూనె మంజూరు చేసింది. ఊరంతా సంతోషించింది. తేవడం మానేసింది.”

“మంచిదే గదా.”

“ఒక వానాకాలం మంజూరు రాలేదు. నాన్న ఇల్లిల్లూ తిరిగాడు. ‘గవర్నమెంటు చూసుకుంటుంది కదా పంతులుగారూ’ అని ఊరివాళ్లు లోపలికి వెళ్లిపోయారు. మా అమ్మ కూరల్లో పోపు మానేసి ఆ నూనె గుడికి పంపేది.”

“అయ్యో.”

“ఆ కూరలు తిన్నవాణ్ణి నేను. దేవుణ్ణి ప్రభుత్వం చేతిలో పెడితే ఊరి చేతిలోంచి పోతాడు వీరయ్యగారూ. దేవుడి మంచికోరే చెప్తున్నాను.”

“దిల్‌కు తాకింది సార్. గని మినిస్టర్ కారు శ్రీనగర్ కాలనీ దాటిందట.”

“దాటిందా!”

“ఇప్పుడే ఫోనొచ్చింది. భిక్షం రెండో బీడీ ముట్టిచ్చిండు.”

“ఉండండి. ఒక్క నిమిషం ఉండండి. నేను సెలవు పెడితే?”

“ఏందీ?”

“అరపూట. సెలవులో ఉన్నవాడు ప్రభుత్వం కాదు. నేను లేకపోతే ఈ ఫ్లోరు మీద ప్రభుత్వమే లేదు. అప్పుడు కాయ పగిలితే మామూలు మనుషులెవరో కొట్టినట్టు.”

“సార్, మీరు కథలు రాయాలె.”

“ఫోను ఇలా ఇవ్వండి. హలో, ఆఫీసేనా? హైమగారూ, రాఘవేంద్రని. నాకు అరపూట సెలవు రాసుకోండి. అవును, ఈ క్షణం నుంచే. కారణమా? స్వంత పని. ఆఁ, తెలుసు, మంత్రిగారు వస్తున్నారని తెలుసు. రాసేశారా? ఉంటాను.”

“అయ్యిందా?”

“అయింది. ప్రభుత్వం వెళ్లిపోయింది. కొట్టించండి.”

“పంతులు లేడు సార్.”

“ఏమిటీ!”

“ఇయ్యాల మంచి రోజు. అన్ని ఫ్లోర్లల ఓపెనింగులే. మా పంతుల్ని పక్క ఫ్లోరోళ్లు ఎత్తుకపోయిండ్రు.”

“కాయే కదా, మీరు కొట్టండి.”

“నేను గొడ్తె భిక్షం ఎక్కడు. మంత్రం ఇనవడాలె.”

“అయితే ఎలాగండీ?”

“మీ నాయిన అర్చకుడన్నరు.”

“వీరయ్యగారూ, నేను...”

“సెలవుల ఉన్నరు గదా సార్.”

“ప్యాంటు మీదా?”

“కాస్ట్యూమ్స్‌ల పట్టు పంచె ఉన్నది, మొన్న రాజగురువు కట్టింది. అంగి ఇప్పుండ్రి. ఆ మెడల కార్డు గూడ. మేకప్పోళ్లను ఇబూది తెమ్మంట.”

“పంచె పొట్టిగా ఉంది.”

“రాజగురువు గూడ పొట్టిగనే ఉండె. కానియ్యుండ్రి, కారు గేటుకాడికొచ్చింది!”

“హారతి పళ్లెం పట్టుకోండి. అడ్డం మాట్లాడకండి, మంత్రం తప్పుతాను.”

“అబ్బ, గొంతు కంచు లెక్క ఉన్నది సార్! మా పంతులు నములుకుంట సదువుతడు. అగో, పగిలింది! భిక్షం, ఎక్కు! ఎలిగినయి సార్, లైట్లన్నీ ఎలిగినయి!”

“నమస్కారం. నేను మంత్రిగారి పి.ఏ.ని, పరబ్రహ్మం. శాఖ నుంచి వచ్చిన ఆ రాఘవేంద్ర ఎక్కడయ్యా? ఫోన్లో మాట్లాడటమే కానీ మనిషిని చూడలేదు.”

“సెలవుల ఉన్నడు సార్.”

“అంటే నిజమేనన్నమాట! ఆఫీసుకి ఫోన్ చేస్తే హైమగారు కూడా అదే చెప్పారు. మంత్రిగారు వచ్చే రోజున స్వంత పనా? సరేలే, ఆయన పని అయిపోయింది. మంత్రిగారు కార్లోనే సంతకం పెట్టేశారు.”

“దేని మీద సార్?”

“బదిలీ మీద.”

“అయ్యయ్యో, గట్ల గాదు సార్, అసలు...”

“నువ్వుండవయ్యా. పూజ చేసింది ఈయనేనా?”

“నేనేనండీ. కానీ నేను...”

“మంత్రిగారు గుమ్మంలోనే చెప్పులు విడిచి నిలబడి విన్నారు. కళ్లు తుడుచుకున్నారు. ఇకనించి మన శాఖ తీసే ప్రతి సినిమాకీ పూజ ఉండాలన్నారు. దానికో పురోహితుడి పోస్టు వేయమన్నారు. జీతం ప్రభుత్వానిదే. మీరు ఒప్పుకుంటే ఇవాళే రాసేస్తాను.”

“సార్, చెప్పుండ్రి సార్, మీరెవరో చెప్పుండ్రి!”

“ఉండండి వీరయ్యగారూ. ఏమండీ, ఈ పోస్టు ఏ ఊళ్లో?”

“ఇక్కడే, హైదరాబాద్‌లోనే. బదిలీలు ఉండవు.”

“జీతంతో పాటు అమ్మకి వైద్యం కూడా వస్తుందాండీ?”