అద్దంలా మెరిసిన వెనక సీటు

"కారు సీటు తుడవడం కూడా ఒక విద్యేనా అని మొహం అలా పెట్టావు చూడు, అందుకే నువ్వింకా టైర్లకి పంక్చర్లు వేసుకుంటూ బతుకుతున్నావు. కోపం తెచ్చుకోకు, ఉన్న మాటే అన్నాను. చెల్లెమ్మా, నాకో టీ పెట్టు, చక్కెర కాస్త ఎక్కువ వెయ్యి. మా బావమరిదికి కూడా ఒకటి ఇవ్వు. ఇవాళ వాడితో నాకు పనుంది."

ఎదురు బెంచీ మీద కూర్చున్న బావమరిది తలెత్తలేదు. టీ కొట్టావిడ గిన్నెలో చెంచా తిప్పుతూ నవ్వింది. "రోజూ ఇక్కడే తాగుతారేంటి అద్దం అన్నయ్యా? ఇంట్లో వదిన పెట్టదా?"

ఆ వీధిలో ఆయన్ని అందరూ అద్దం అనే పిలుస్తారు. ఏ పని చెప్పినా "అద్దంలా మెరిపిస్తా" అనడం వల్ల వచ్చిన పేరది.

"పెట్టకపోవడమా! నేను ఆ బంగళా కారు కథ ఎత్తుకున్నానంటే చాలు, మీ వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఎందుకో తెలుసా? ఇంతసేపు మాట్లాడితే ఈయన గొంతు ఎండిపోతుందని టీ పెట్టడానికి. అలాంటి ఇల్లాలు ఎంతమందికి దొరుకుతుంది చెప్పు. అయినా మగాడన్నాక నాలుగు మాటలు బయట కూడా మాట్లాడుకోవాలి కదా. ఇవాళైతే మరీను. వీడు ఇప్పుడు ట్రావెల్స్‌లో డ్రైవరుగా చేస్తున్నాడు కదా, వాళ్ళ యజమాని కొత్త కార్లు కొన్నాడు, అన్నీ తోలు సీట్లే. వాటిని చూసుకోవడానికి ఒక నమ్మకమైన మనిషిని చెప్పమని వీడినే అడిగాడట. వీడు ఒక్క మాట చెబితే రేపటినుంచి నాకు నెల జీతం. ఎన్నాళ్ళనుంచి ఖాళీగా ఉన్నానో మీకు తెలియనిది కాదు. ఇప్పుడు ప్రతివాడూ సీటుకో కవరు తొడిగేసి చేతులు దులుపుకుంటున్నాడు. లేదంటే బుస్సుమని కొట్టే సీసా ఒకటి కొనుక్కుంటున్నాడు. పనితనం ఎవడికి కావాలి? ఒంట్లో సత్తువ ఉండగానే నన్ను మూల కూర్చోబెట్టేశారు. ఏడుపొస్తుంది నాకు, నిజంగా చెబుతున్నా. సరే, ఏడిస్తే ఏం లాభం. వాళ్ళ యజమానికి నా గురించి ఏం చెప్పాలో వీడికి బాగా గుర్తుండాలి, అందుకని ఆ బంగళా కారు సంగతి మళ్ళీ చెబుతాను, వినండి."

"అప్పుడు ఆ కారు నడిపింది ఈయనే కదా, ఈయనకి తెలియనిదేముంది?" అన్నాడు పంక్చర్ షాపతను.

"నడిపేవాడి కళ్ళు ముందుకే చూస్తాయి నాయనా, వెనక సీటు గొప్పతనం వాడికేం తెలుస్తుంది! వీడే వచ్చి బతిమాలాడు. 'బావా, పెద్దమ్మగారు స్కూల్లో పిల్లలకి బహుమతులివ్వడానికి వెళ్తున్నారు, వెనక సీటు బాగా మాసిపోయింది, కాస్త శుభ్రం చేసిపెట్టు' అని. పెద్దమ్మగారంటే ఎవరు? ఫ్యాక్టరీ యజమానిగారి తల్లి. తెల్లబట్టలు తప్ప కట్టేది కాదు. ఆ తెల్లబట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది మీ వదినే, అప్పట్లో ఆ బంగళాలోనే పని తనకి. తర్వాత నడుం నొప్పంది. నేనుండగా నీకు ఈ చాకిరీ ఎందుకే అని మానిపించేశాను. అదలా ఉంచండి. నేను వెళ్ళాను. నల్లటి తోలు సీటు, పాపం, బూడిదరంగుకి తిరిగిపోయి ఉంది. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులిపాను. దుమ్ము మీద తడిగుడ్డ పెట్టేవాడు దరిద్రుడు, ఆ ఇసకంతా తోలుని గీరేస్తుంది. కుట్ల సందుల్లో మెత్తటి బ్రష్షు ఆడించాను. ఆ పైన నీళ్ళు కాదు, ఒట్టి సబ్బు నురగ, గుడ్డ గట్టిగా పిండి మరీ తుడిచాను. నీడలో ఆరనిచ్చాను. ఇంతవరకు ఎవడైనా చేస్తాడు. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? జేబులోంచి నా మందు తీశాను."

"ఏం మందు?"

"అది మాత్రం చెప్పను. గుండ్రటి డబ్బా, అంతే. చెప్పుల షాపులో పనిచేసిన రోజులనుంచీ నా దగ్గరే ఉంది. కాలికి తొడిగే తోలు వేరు, కూర్చునే తోలు వేరు అంటారు. అదంతా కంపెనీలవాళ్ళు సీసాలు అమ్ముకోవడానికి చెప్పే కబుర్లు. తోలంటే తోలే! ఈ వెధవ పక్కన నిలబడి ఒకటే సణుగుడు. 'ముందు కనపడని మూల కొంచెం రాసి, తెల్లగుడ్డతో రుద్ది చూడు బావా' అని. పని రానివాడికి పెట్టాలి పరీక్ష, నాకెందుకు? సీటు మొత్తం పట్టించేశాను. ఆ తర్వాత పొడుగాటి గుడ్డపేలిక రెండు చేతులా పట్టుకుని అటు లాగి, ఇటు లాగి, టకటకమని..."

"అది బూట్లు తుడిచే పద్ధతి కదా గురూ!"

"నీకు రబ్బరు తప్ప ఏం తెలుసు, నోరు మూసుకుని విను. రుద్దాక చూశాను కదా, సీట్లో నా మొహం కనపడింది. మొహమంటే మామూలుగా కాదు, పొద్దున గడ్డం గీసుకున్నప్పుడు వదిలేసిన వెంట్రుక కూడా కనపడింది. అంతలో ఒక ఈగ వచ్చి వాలింది. వాలిందా, జర్రున జారి అవతలి తలుపు దగ్గర వెల్లకిలా పడింది. మళ్ళీ ఎగిరి వచ్చింది, మళ్ళీ జారింది. చివరికి దానికి సరదా పుట్టి తన చుట్టాలందరినీ వెంటబెట్టుకొచ్చింది. ఈగలన్నీ వరసగా నిలబడి ఒకదాని తర్వాత ఒకటి జారుతున్నాయంటే నమ్ముతావా చెల్లెమ్మా?"

"తోసుకోకుండా నిలబడ్డాయా? మా కొట్టు దగ్గర మనుషులే నిలబడరు," అంది టీ కొట్టావిడ.

"అదీ నా సీటుకిచ్చిన మర్యాద! తర్వాత వీడు బండి బయటికి తీశాడు. కూడలిలో ఎండ ఆ సీటు మీద పడి, ట్రాఫిక్ పోలీసు కళ్ళు బైర్లు కమ్మాయి. సూర్యుడు రెండోవైపునుంచి కూడా వస్తున్నాడనుకుని నాలుగు దిక్కులా బళ్ళు ఆపేశాడు. సందులోని మంగలి తన షాపు అద్దం తీసి పక్కన పడేసి, కుర్చీలో ఉన్నవాణ్ణి సబ్బు నురగతో సహా లాక్కొచ్చి కారు కిటికీ దగ్గర నిలబెట్టి గడ్డం గీశాడు. ఏరా, గీశాడా లేదా?"

బావమరిది గ్లాసు రెండు చేతుల మధ్యా పెట్టుకుని తిప్పుతున్నాడు.

"మాట్లాడడు. వాడికి కుళ్ళు. పోనీలే. మెరుపు సంగతి వదిలెయ్యండి, మెరిపించడం గొప్ప కాదు, కాపాడటం గొప్ప. ఆ రోజు వాన కూడా పడింది. వీడు కిటికీలు ఎత్తడం మర్చిపోయాడు. వాన అంతా ఈ కిటికీలోంచి లోపలికొచ్చి, సీటు మీద నిలవలేక ఆ కిటికీలోంచి బయటికి పోయింది. సీటు మీద చుక్క తడి లేదు! ఒక పిల్లి ఎక్కి గోళ్ళతో గీకింది, గోళ్ళే అరిగిపోయాయి. ఆ రోజునుంచి ఎలుకలు ఆ పిల్లిని లెక్కచెయ్యడం మానేశాయి. ఇది కూడా మామూలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మందు పోషణకి ఆ తోలుకి మళ్ళీ ప్రాణం వచ్చింది."

"ప్రాణమా!"

"ప్రాణమే! ముందు వెచ్చబడింది. ఆ తర్వాత సన్నసన్నగా వెంట్రుకలు మొలిచాయి. నేను నిమురుతుంటే చర్మం జలదరించింది. పచ్చగడ్డి కనపడితే చాలు, బండి దానంతటదే రోడ్డు పక్కకి ఒరిగిపోయేది. వీడు ఎంత తిప్పినా స్టీరింగ్ తిరిగేది కాదు. ఒకచోట పశువుల మంద అడ్డమొచ్చింది. వీడు హారన్ కొట్టబోయేలోపు వెనక సీటు 'అంబా' అంది. మందలో ఉన్నవన్నీ తలలు వంచి దారిచ్చాయి."

"మరి పాలు కూడా ఇచ్చిందా? మన కొట్టుకి పనికొస్తాయి," అన్నాడు పంక్చర్ షాపతను.

"ఎద్దు తోలయ్యా అది, పాలెక్కడినుంచి వస్తాయి! కాస్త బుద్ధుండాలి అడగడానికి. నేనేమన్నా అబద్ధాలు చెబుతున్నానా?"

టీ కొట్టావిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అద్దం ఆ నవ్వు చూసి ఇంకా నిటారుగా కూర్చున్నాడు.

"అసలు ఘనత వినండి. అలాంటి సీటు మీద కూర్చుని పెద్దమ్మగారు స్కూలుకి వెళ్ళింది. ఊరి పెద్దలు, టీచర్లు, పిల్లలు అందరూ గేటు దగ్గరే నిలబడ్డారు. ఆవిడ బండి దిగి నడుస్తుంటే అంతమంది జనం నోరెళ్ళబెట్టి ఆవిడ వెనకాలే చూస్తూ నిలబడిపోయారట. ఆవిడ మొహం కాదు, బహుమతులు కాదు, వెనకాలే! ఎందుకు? ఆ సీటు మెరుపు ఆవిడకి కూడా అంటుకుంది మరి. ఆవిడ తిరిగి వచ్చేటప్పుడు ఆ కారెక్కనే లేదు. అంత మంచి సీటు మళ్ళీ మాసిపోతుందని మనసొప్పక వేరే బండి తెప్పించుకుని వెళ్ళింది. మర్నాడే ఆ సీటు ఊడదీయించేశారు. బంగళాలో అద్దాల బీరువా చేయించి, అందులో పెట్టి పూజ చేస్తున్నారని నా అంచనా. ఇదంతా నేను పెంచుకున్న పేరు. వీడేం చేశాడు? ఆ వారంలోనే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నేను అంత పేరు తెచ్చిపెట్టిన ఇంట్లో వీడు కుదురుగా నిలబడలేకపోయాడు. ఏం నిర్లక్ష్యం చేశాడో ఏమో, ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పడు. సిగ్గు ఉండాలి కదరా! సరే, అయిపోయిందేదో అయిపోయింది. ఇప్పుడు ఫోన్ తీసి మీ యజమానికి చెప్పు. మా బావ లాంటి పనివాడు ఎక్కడా దొరకడని చెప్పు."

"పొద్దున్నే చెప్పేశాను బావా."

"చూశారా! రక్తసంబంధం కాకపోయినా వాడిది బంగారంలాంటి మనసు. ఏమని చెప్పావురా?"

"వేరే మనిషిని చూసుకోమన్నాను."

అద్దం గబుక్కున ముందుకి వంగాడు, గ్లాసులో టీ ఒలికింది. చొక్కా మీద పడ్డ టీని తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"ఏంట్రా నువ్వనేది? తమాషాగా ఉందా? నా నోటి దగ్గర కూడు..."

"నాకూ ఉండేది బావా, నోటి దగ్గర కూడు." బావమరిది గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "నువ్వు పట్టించింది నల్ల బూట్ పాలిష్. పెద్దమ్మగారు దిగేసరికి ఆ నలుపంతా ఆవిడ తెల్లబట్టలకి అంటుకుంది. నడుం దగ్గరనుంచి మోకాళ్ళ దాకా. జనం నోరెళ్ళబెట్టి చూసింది దాన్నే. చిన్నపిల్లలు వేళ్ళు పెట్టి చూపించి నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆవిడ కూడా వాళ్ళతో పాటు నవ్వింది. బహుమతులన్నీ ఇచ్చాక ఎవరో చెవిలో చెప్పారు. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడిపోయింది, అందరూ వెళ్ళేదాకా కదల్లేదు. బండి దగ్గరనుంచి అదంతా చూశాను. ఆ రోజు తలుచుకుంటే నాకిప్పటికీ తల ఎత్తాలనిపించదు."

పంక్చర్ షాపతని నవ్వు మొహంలోనే ఆగిపోయింది.

"ఎవడు చేశాడీ పని అని మర్నాడు అయ్యగారు అడిగారు. నేనే చేశానన్నాను. సీటు ఊడబెరికించి పాత సామాన్లవాడికి పడేశారు, దానితోపాటు నన్నూ పంపేశారు. వేరే ఇంట్లో పని దొరక్కుండా అందరికీ చెప్పారు. నువ్వేమో వీధి వీధినా నాకు సిగ్గులేదని చెప్పుకుంటూ తిరిగావు."

"అంటే... నాకెవరూ చెప్పలేదు కదరా," అన్నాడు అద్దం. గొంతు తగ్గింది. "చెబితే నేను... అయినా నా పేరు చెప్పకుండా నిన్ను దాచమన్నదెవరు?"

"అక్క."

"మీ అక్కకేం తెలుసు?"

"ఆ బట్టలు ఉతికింది అక్కే కదా. ఎంత రుద్దినా నలుపు వదల్లేదు. వాసన చూసి అక్కడే కూలబడింది. రోజూ నీ చేతుల్లోంచి వచ్చే వాసన తనకి తెలియదా? ఆ సాయంత్రమే నా దగ్గరికొచ్చి, మీ బావకి తెలిస్తే తట్టుకోలేడురా, ఆయనకున్నది ఆ గొప్ప ఒక్కటే, దాన్ని తియ్యొద్దు అని ఏడ్చింది. నడుం నొప్పి అబద్ధం. పెద్దమ్మగారి మొహం చూడలేక పని మానేసింది."

అద్దం టీ కొట్టావిడ వైపు చూశాడు, పంక్చర్ షాపతని వైపు చూశాడు. ఇద్దరూ చూపు తిప్పుకున్నారు. ఆయనే నవ్వాడు, ఆ నవ్వు ఎవరూ అందుకోలేదు.

"లేదు లేదు. నువ్వేదో కోపంలో కల్పిస్తున్నావు. మీ అక్కకి ఆ కథంటే ఎంత ఇష్టమని! నేను మొదలుపెట్టానో లేదో, లేచి వెళ్ళిపోతుంది, నాకు టీ..."

బావమరిది కారు తాళాలు తీసుకుని లేచాడు.

"ఒక్కసారన్నా టీ వచ్చిందా బావా?"