వదిన కంప్యూటర్‌కి ప్రాణం పోసిన ఘనుడు

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు బాబాయ్. అడిగారు కాబట్టి చెప్తున్నా. మా వదిన కుట్టుషాపులో కంప్యూటర్ తెలుసుగా, స్విచ్ వేసి స్నానం చేసొచ్చినా తెరుచుకోదు. పదకొండేళ్ళుగా ఆవిడ గీసుకున్న కటింగ్ డ్రాయింగులన్నీ అందులోనే. రిపేరువాడు చూసి, డబ్బు పోసి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కొనాలి, దానికి కొత్త కంప్యూటర్ కూడా కావాలన్నాడు. వదిన ముఖం చూడలేకపోయాను. అక్కడ కుర్చీ లాక్కుని కూర్చున్నా!"

టీకొట్టు బాబాయ్ గ్లాసు అందించాడు. "కూర్చుని?"

"జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశా. అందులో లైనక్స్ అని, ఊరికే దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. పైసా ఖర్చు లేదు. గుచ్చి, తెర మీద పై లైను నొక్కా. అంతే, పాత సిస్టమ్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది."

"డ్రాయింగులు కాపీ తీశావా అన్నా?" కొరియర్ తమ్ముడు కంగారుగా అడిగాడు.

"నేనుండగా కాపీ ఎందుకురా! వచ్చి చేరాయి, ఒక్క గీత చెదరలేదు. కంప్యూటరైతే నేను మౌస్ పట్టుకునేలోపే తెరుచుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని ఫ్యాను తిరగడం మానేసింది, అవసరం లేక. కరెంటు పోయింది, అది మాత్రం ఆగలేదు, రెండు రోజులు వట్టినే నడిచింది!"

"అమ్మో!" అన్నాడు తమ్ముడు. నిజంగానే నోరు తెరిచాడు.

"అప్పుడే ఏం చూశావ్! గోడ అవతల జిరాక్స్ షాపుంది చూడు, వాళ్ళ కంప్యూటర్ ఈ వేగం చూసి సిగ్గుపడి దానంతటదే లైనక్స్‌కి మారిపోయింది. సాయంత్రానికి వీధి వీధంతా మారింది. పాత సిస్టమ్ అమ్మే కంపెనీ పెద్దాయన ఫోన్ చేశాడు, 'బాబ్బాబు, మీ వీధితో ఆపండి' అని. పాపం, పిల్లలు గలవాడు, సరేనన్నా."

"నువ్వు కాబట్టి వదిలేశావు," అన్నాడు బాబాయ్, మరో గ్లాసు పోస్తూ.

"మర్నాడు వదిన షాపు తెరిచేసరికి ఏమైందనుకున్నారు? డ్రాయింగు తెర మీద ఉంది, కత్తెర బట్ట మీద నడుస్తోంది, కుట్టుమిషను తొక్కేవాళ్ళు లేకుండా తొక్కుకుంటోంది. తొమ్మిది చొక్కాలు, కాజాలతో సహా! వదిన నా చేతులు పట్టుకుని, 'మరిదీ, నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్ని' అని..."

"ఎప్పుడన్నాను?"

వెనక వదిన నిలబడి ఉంది. మెడలో టేపు, చేతిలో పెన్‌డ్రైవ్.

"మీ అన్నయ్య పాటలు ఎక్కించుకుందామని పొద్దున ఇది పీకారు. పాత సిస్టమ్ ఎప్పటిలాగే మూలుగుతూ లేచింది. నువ్వు తుడిచింది ఏదీ లేదు మరిదీ. రోజూ పొద్దున్నే అది 'ఊరికే చూస్తావా, ఎక్కించమంటావా' అని అడుగుతుంటే పైది నొక్కమన్నావు. పైది ఊరికే చూడ్డానికట, అందులో ఏదీ దాచుకోదట! వారం రోజులుగా నేను గీసినవేవీ సాయంత్రం ఆపేశాక మిగలట్లేదు. నాకే మతిమరుపు వచ్చిందేమోనని ఏడ్చాను తెలుసా?"

మరిది గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"అయినా అది మంచిదే వదినా. వేగం చూశావుగా?"

"చూశాను. బంగారంలా ఉంది. ఈరోజే ఎక్కిస్తాను."

అతని ముఖం వెలిగింది. "పద, వస్తున్నా!"

"నువ్వు కూర్చో. ముందు నేను కాపీ తీసుకోవాలి." వదిన పెన్‌డ్రైవ్‌ని పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. "కాపీ లేకుండా తుడిచానని నువ్వనడం ఇప్పుడే నా చెవులతో విన్నా. నిజంగా తుడిచుంటే నా పదకొండేళ్ళ కష్టం గంగలో కలిసేది. నీకు చేతకాకపోవడం నా అదృష్టం నాయనా."