తాగనివాడి ఒట్టు

ఏంటి బావా, వాసన చూస్తున్నావా? దగ్గరికి రా. ఇదిగో, నోరు తెరిచాను, చూడు. పొద్దున తాగిన టీ తప్ప ఇంకేం లేదు. మీ చెల్లిని, పాపని మీ ఇంట్లో పెట్టుకుని, పాపని అక్కడే బళ్లో చేర్పించేస్తాం, ఇక రారు అని చెప్పడానికి పొద్దున్నే నా కటింగ్ షాపుకొచ్చావా?

ఆ కుర్చీలో కూర్చో. భయపడకు, నీ గడ్డం జోలికి రాను. కత్తి పట్టి చాలా రోజులైంది.

చేతులు వణుకుతున్నాయా? వణుకుతున్నాయి, కాదన్నానా? గుడ్లప్పగించి చూస్తున్నట్టున్నానా? ఉన్నాను. కుండెడు తిన్నా ఒంటికి పట్టట్లేదు. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలే. ఎవరు చూసినా తాగి తాగి చెడిపోయాడనే అనుకుంటారు. నువ్వూ అదే అనుకున్నావు. నీ తప్పేం లేదులే.

అసలు నేనే చెప్పాను కదా, తాగుతున్నానని!

అదిగో, అలా చూడకు. అసలే సిగ్గుతో చచ్చిపోతున్నాను. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేను, విను.

నేను చుక్క కూడా ముట్టలేదు బావా. నాది థైరాయిడ్. గొంతులో ఏదో గ్రంథి ఉంటుందిట, అది అవసరానికి మించి పనిచేసేస్తోందిట. అందుకే ఈ వణుకు, గుండె దడ, చిరాకు. మాత్రలు వేసుకుంటే దారికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అంతే! ఆ ముక్క మీ చెల్లికి చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

ఎందుకా? ఆ ఆసుపత్రిలో బెంచీల నిండా ఆడవాళ్లే బావా! ఒక్క మగపురుగు లేదు. పక్కనున్న పెద్దావిడ, "మీ ఆవిడకా నాయనా?" అంది. "అవునండీ" అన్నాను. నా జబ్బు తీసుకెళ్లి మీ చెల్లి నెత్తిన పెట్టాను. మగాడినై ఉండి ఈ ఆడవాళ్ల జబ్బేంటి నాకు అని... నవ్వకు. పోనీ, నవ్వు.

మర్నాడు ఇక్కడే, స్కూలు మాస్టారి చెవి దగ్గర కత్తి గీసుకుంది. "పొద్దున్నే పట్టించావా ఏంటయ్యా?" అన్నారాయన. బెంచీ మీదున్న వాళ్లంతా నా మొహంలోకే చూస్తున్నారు. "రాత్రిది ఇంకా దిగలేదండీ" అనేశాను. అందరూ గొల్లుమన్నారు. తాగుబోతంటే మగాడే కదా, హమ్మయ్య అనుకున్నాను. చూశావా నా తెలివి?

ఆ మాట సాయంత్రానికల్లా ఇంటికి చేరింది. మీ చెల్లి అరిచింది, ఏడ్చింది. అప్పుడైనా నిజం చెప్పొచ్చుగా? లేదు. "మానేస్తాను" అన్నాను. పాప తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. టక్కున వేసేశాను. తాగనివాడికి మానడం ఎంతసేపు!

తెల్లారి టీ గ్లాసు అందుకున్నానా, చెయ్యి గడగడలాడి సగం టీ చొక్కా మీద పడింది. మీ చెల్లి అది చూసింది. పాపని దగ్గరికి లాక్కుంది. బిడ్డ మీద వేసిన ఒట్టు కూడా తప్పాననుకుంది. ఇంక ఏ తల్లి ఉంటుంది చెప్పు? బట్టలు సర్దుకుని మీ ఇంటికొచ్చేసింది. అది గుమ్మం దాటేదాకా మాట నా నాలుక చివరే ఉంది, బయటికి రాలేదు.

ఏంటీ, జబ్బు సంగతి నువ్వే చెప్తానంటావా? వద్దు బావా. జబ్బుదేముంది, చెప్తే అది జాలిపడుతుంది, మాత్రలు తనే తెచ్చి చేతిలో పెడుతుంది.

మిగతాది ఉంది చూడు... వీధి వీధంతా దాన్ని తాగుబోతు పెళ్లాం అంటున్నా నాకు పర్వాలేదనిపించింది. నన్ను చూసి నలుగురు నవ్వితే మాత్రం తట్టుకోలేననిపించింది. అదీ అసలు సంగతి. అది నేనే, నా నోటితోనే చెప్పాలి. ఆ తర్వాత చెంప పగలగొడుతుందో, మొహాన తలుపే వేస్తుందో, దాని ఇష్టం.

షట్టర్ దించుతాను, పద. కాస్త మెల్లిగా నడు బావా, ఆయాసం వస్తోంది.