జున్ను రంగు కారు, మందు పంపు

"అమ్మమ్మా, షెడ్డులో ఉన్న తాతయ్య కారుకి రంగు నేనే వేసేద్దామనుకుంటున్నా. వీడియోలన్నీ చూశాను. షాపుకిస్తే వారాల తరబడి ఉంచుకుంటారు. ఏమంటావ్?"

ఏమంటానా? ముందు ఇలా వచ్చి కూర్చో. ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊగుద్ది. మంచమ్మీద కూర్చో. నువ్వే వేస్తావా! సరిగ్గా ఇదే మాట ఇదే వాకిట్లో మీ తాతయ్య నోట విన్నాను నాయనా, మీ అమ్మ పెళ్లప్పుడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ కారు అసలు మీ తాతయ్యది కాదు. వాళ్ల నాన్నది, అంటే మా మావయ్యగారిది. అప్పుడది మంచి జున్ను రంగులో ఉండేది. వాళ్లమ్మాయిని, అదే మీ తాతయ్య వాళ్ల అక్కని, సరస్వతి వదినని, నాగాయలంక ఇచ్చారా, ఆవిడ పుట్టింటికి రావాలంటే ఆ కారు వెళ్లాల్సిందే. బస్సెక్కి వచ్చిందని ఎవరైనా అంటే మావయ్యగారికి నామోషీ. ఆయన పోయాక మీ తాతయ్య ఓ రోజు భోజనాల దగ్గర, "ఈ డొక్కుని పాత సామాన్లవాడికి అమ్మేస్తా" అన్నారు. వదిన విస్తరి ముందునుంచి లేచిపోయింది. "నాన్న కారుని తూకానికి వేస్తావంట్రా" అని చెయ్యి కడుక్కుని బస్సెక్కేసింది. అంతే, మళ్లీ గడప తొక్కలా. ఈయనా తక్కువ తిన్లేదులే. అమ్మలేదు, అక్కకి ఆ మాట చెప్పనూ లేదు. కారేమో షెడ్డులో, వెనక సీట్లో కోడి గుడ్లు పొదుగుతా కూర్చుంది.

ఇంతలో మీ అమ్మకి సంబంధం కుదిరింది. మాఘమాసం ముహూర్తం. మేనత్త చెయ్యి పడకుండా పిల్లని పెళ్లికూతుర్ని ఎలా చేస్తాం చెప్పు? కబురు పంపితే ఆవిడ ఏమందో తెలుసా? "నాన్న కారొస్తే వస్తా. అదీ నాన్న ఉన్నప్పటిలా రావాలి. లేకపోతే అక్షింతలు ఇక్కణ్ణుంచే వేస్తా" అంది. మీ అమ్మ ఆ మాట విని ఒకటే ఏడుపు. దానికి అత్తంటే ప్రాణం.

మెకానిక్కు వచ్చి బండి కదిలేట్టు చేశాడు. రంగుకి గుడివాడ నుంచి పెయింటర్ని పిలిపించాం. ఆయన కారు చుట్టూ తిరిగి, "పాతదంతా గోకాలండీ, లప్పం పెట్టాలి, ఆరాలి, మళ్లీ రుద్దాలి. పెళ్లి లోపల అవ్వదండీ" అన్నాడు. పైగా ఆయన అడిగిన డబ్బుకి అప్పట్లో పాడిగేదె వచ్చేది, దూడతో సహా. ఇప్పుడంటే గేదె ధర... సరే, ఆ గోల ఎందుకులే.

మీ తాతయ్యకి పౌరుషం పొడుచుకొచ్చింది. "వరి చేలో మందు కొట్టానంటే ఆకు అడుక్కి కూడా పడాల్సిందే. అంత చేను కొట్టినోణ్ణి, ఇంత కారు కొట్టలేనా?" అన్నారు. "ఏవండీ, పురుగుకి కొట్టడం వేరండీ" అన్నాను. వింటేగా! రంగు డబ్బా, టిన్నరు తెచ్చి, మందుకొట్టే పంపులో పోసి, ముక్కుకి తువ్వాలు చుట్టి, పంపు వీపుకి తగిలించుకున్నారు. కారు చుట్టూ చేనుగట్టు మీద నడిచినట్టు నడక. ఒక చేత్తో పంపు కొట్టడం, ఇంకో చేత్తో గొట్టం ఊపడం. మొదట్లో బానే ఉంది. నిజం చెప్పొద్దూ, నేను కూడా "అబ్బో" అనుకున్నా.

కాస్సేపటికి "ఏమేవ్, వీపు చల్లగా ఉందే" అన్నారు. తర్వాత "చల్లగా కాదే, మండుతుందే" అన్నారు. చూద్దును గదా, టిన్నరుకి పంపులో రబ్బర్లన్నీ కరిగిపోయి, రంగంతా ఈయన మెడ మీంచి పంచె దాకా కారిపోతుంది! కారుకన్నా ఈయనకే బాగా పట్టింది. నేను కిరసనాయిలు గుడ్డ పట్టుకుని వెనక, ఈయన గంతులేస్తా ముందు.

అదొక్కటే అయితే బాగుండు. అవి కుప్పనూర్పుళ్ల రోజులు గదా. మేము వీపు గొడవలో ఉండగా పక్క కళ్లంలో వాళ్లు ధాన్యం తూర్పారబట్టడం మొదలెట్టారు, పెద్ద ఫ్యాను పెట్టి. గాలి ఇటే. తాలు గింజలు, గడ్డి ముక్కలు, దుమ్ము, అన్నీ వచ్చి తడి రంగు మీద వాలిపోయాయి. నేను చీపురు తెస్తే మీ తాతయ్య "ముట్టుకోకే, ఇంకా పాడవుద్ది" అని కేకలు. పొద్దుగూకేసరికి కారు మొత్తం గరుగ్గా తేలింది. దానికి తోడు పురుగుమందు కంపు.

తెల్లారితే వదిన కోసం వెళ్లాలి. ఈయన అరుగు మీద కూలబడి, "నేను వెళ్లనే. నాన్న కారుని ఇలా చేశానని అక్క జన్మలో నా మొహం చూడదు" అన్నారు. కళ్లల్లో నీళ్లు. నాకు జాలేసింది, ఒళ్లూ మండింది. "మీ మొహం ఇప్పుడు మాత్రం చూస్తుందా ఏంటి? లేవండి" అని నేనూ ఎక్కి కూర్చున్నా. కూచిపూడి సెంటర్లో జనం కాఫీ గ్లాసులు పట్టుకుని రోడ్డు మీదకొచ్చి మరీ చూశారు. పులిగడ్డ వంతెన దాటే దాకా నేను మొహం మీంచి కొంగు తియ్యలా.

వదిన వాకిట్లోనే ఉంది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక తలుపు మీద చెయ్యేసి, గోటితో ఒక తాలు గింజ పీకి, చూసింది. "ఎవడేశాడ్రా ఈ రంగు?" అంది. ఈయన చిన్నపిల్లాళ్లా "నేనేనక్కా" అన్నారు. "దేంతో?" "మందు పంపుతో." అంతే, ఆవిడ మెట్ల మీద కూర్చుని నవ్వడం మొదలెట్టింది. పొట్ట పట్టుకుని నవ్వుతుంది. నవ్వుతా నవ్వుతా ఈయన మెడ చూసింది. ఎర్రగా బొబ్బలు. చొక్కా విప్పించింది. "అమ్మేస్తానన్నోడివి, వీపెందుకు కాల్చుకున్నావురా సన్నాసీ" అని ఏడ్చేసింది. కొబ్బరినూనె తెచ్చి, తిట్టుకుంటా తిట్టుకుంటా వీపంతా రాసింది. ఆ నూనె వీపుతోనే ఆయన మళ్లీ బండి తోలారు. ఆవిడ వెనక సీట్లో కూర్చుని, కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, దారి పొడుగునా తలుపు మీద గింజలు పీకుతానే వచ్చింది.

పెళ్లయ్యాక ఆ గుడివాడ పెయింటరుకే ఇచ్చాం. కారంతా గోకి అద్దంలా చేశాడు. ఆ ఒక్క తలుపు మాత్రం మీ తాతయ్య ముట్టుకోనివ్వలా. "అది మా అక్క సీటండీ, అలాగే ఉంచండి" అన్నారు. వదిన వచ్చినప్పుడల్లా ముందు ఒక గింజ పీకి, తమ్ముడి చేతిలో పెట్టి, ఆ తర్వాతే లోపలికొచ్చేది. ఇప్పుడు ఆవిడా లేదు, ఈయనా లేరు. వెళ్లి తడిమి చూడు, ఇంకా నాలుగు గింజలు ఉంటాయి.

అందుకని, నువ్వే వేస్తావో, షాపుకిస్తావో, నీ ఇష్టం నాయనా. ఆ తలుపు జోలికి మాత్రం వెళ్లకు. నూరేళ్లు చల్లగా ఉండు. వేసేట్టయితే ముక్కుకి గుడ్డ కట్టుకో... ఆ, ఇటు చూడు, పక్క చేలో కోత మిషన్ తిరుగుతుందేమో చూసి మరీ మొదలెట్టు. కొబ్బరినూనె సీసా ఆ గూట్లోనే ఉంది.