అడగకూడని మాట

మొలొకై దీవిలో తెల్లారేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. విసురువల భుజానేసుకుని గుమ్మం దిగుతున్న మనవణ్ణి చూసి ముసలామె గబగబా గుమ్మంలోకొచ్చింది.

"ఉత్తరాన్నించి ఇరవై అడుగుల అలలొస్తున్నాయట. రేడియో పొద్దుట్నించీ మొత్తుకుంటోంది."

"అది రోజూ మొత్తుకుంటుంది, అమ్మమ్మా. సముద్రం చూడు, పళ్లెంలో నీళ్లలా ఉంది."

"ఎక్కడికిరా మరి?"

"ఊరికే, అలా తిరిగొస్తా."

"చేపలు పట్టడానికేగా?"

అతను వల నేలకేసి కొట్టాడు.

"అడిగేశావూ? పేరెత్తితే చేపలు వింటాయనీ, ఆ రోజిక ఒక్కటీ వలలో పడదనీ నేర్పిందే నువ్వు. కావాలనే అడిగావు."

"కావాలనే అడిగాను. మీ తాత వెళ్లి తిరిగిరాని పొద్దున కూడా సముద్రం ఇలాగే ఉంది. చేపలు వింటాయని నోరు మూసుకున్నాను."